ఒంటరి ప్రయాణం: ధైర్యమా, స్వార్థమా?

ఒక మనిషి తోడు ఎవరూ లేకుండా సైకిలు మీద వందల మైళ్ళ ఎడారిని దాటాలని బయలుదేరాడు అనుకుందాం. దారిలో ఊళ్ళు లేవు, నీడ లేదు. పడిపోతే లేపేవాళ్ళు లేరు. అతణ్ణి మెచ్చుకోవాలా? లేక "ఇంట్లో నీకోసం చూసేవాళ్ళు ఎవరూ లేరా నాయనా?" అని మందలించాలా? ఈ ప్రశ్న వేస్తే మా తరగతిలో సగం మంది మెచ్చుకోవాలన్నారు, సగం మంది మందలించాలన్నారు. రెండు పక్షాలూ చెప్పినదాంట్లో న్యాయం ఉంది. అందుకే దీన్ని కొంచెం నిదానంగా ఆలోచించి చూద్దాం.

ఇది కల్పించిన ప్రశ్న కాదు. 1896 నవంబరులో ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే యువకుడు పశ్చిమ ఆస్ట్రేలియాలోని కూల్‌గార్డీ బంగారు గనుల నుండి సైకిలు మీద ఒక్కడే బయలుదేరాడు. చిన్న మూట, ఒక నీళ్ళ సంచి, అంతే సామాను. నలర్‌బోర్ మైదానం దాటి 31 రోజుల్లో అడిలైడ్ చేరాడు. నలర్‌బోర్ అంటే లాటిన్ భాషలో చెట్టు లేనిది అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. మళ్ళీ 1899 జూన్ 5న పెర్త్ నగరం నుండి బయలుదేరి, ఆస్ట్రేలియా ఖండం మొత్తం చుట్టి, 1900 ఫిబ్రవరి 4న తిరిగి పెర్త్ చేరాడు. సుమారు 11,500 మైళ్ళు, అంటే 18,500 కిలోమీటర్లు. సైకిలు మీద ఆ ఖండాన్ని చుట్టిన మొదటి మనిషి అతనే.

ఇప్పుడు ఆ మైదానంలో తారురోడ్డు ఉంది. 1976లో పూర్తి అయింది. అయినా ఆ రోడ్డులో ఒకచోట దాదాపు 146 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా ఉండదు. మన కోయంబత్తూరు నుండి పళనికి ఉన్న దూరం కన్నా ఎక్కువ అది. మన దారిలో ఎన్ని ఊళ్ళు, ఎన్ని టీ కొట్లు, ఎన్ని పంక్చరు అంగళ్ళు ఉంటాయో లెక్క వేసుకోండి. అక్కడ ఆ దూరమంతా ఏమీ ఉండదు. ఎండలో సైకిలు తొక్కేవాడికి రోజుకు ఏడెనిమిది లీటర్ల నీళ్ళు కావలసి రావచ్చు. లీటరు నీళ్ళు ఒక కిలో బరువు. రెండు రోజుల నీళ్ళు మోయాలంటే పదిహేను కిలోలు. నీళ్ళు ఎక్కువ తీసుకుపోతే బండి నడవదు, తక్కువ తీసుకుపోతే మనిషి బతకడు. ఇంత తెలిసీ ఏటా కొందరు సైకిలు మీద ఆ దారిన పోతూనే ఉన్నారు.

మందలించాలనే పక్షంవాళ్ళు మొదట చెప్పే మాట, ప్రాణం ఒక్కరిది కాదు అని. మా అవ్వ ఇదే మాటను ఇంకా బాగా చెప్తుంది. "ప్రాణం నీదే పాపా, ఏడుపు మాత్రం మాది కదా" అంటుంది. దీనికి జవాబు చెప్పడం సులభం కాదు. నా ప్రాణం నా ఇష్టం అని సినిమాలో అనొచ్చు గానీ ఇంట్లో అనలేం. మనల్ని పెంచినవాళ్ళ శ్రమ, నిద్రలేని రాత్రులు మన ఒంట్లో ఉన్నాయి. అది అప్పు లాంటిదే.

కానీ ఇంకోవైపు కూడా చూడాలి. ఏడ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టి పోకూడదు అనే నియమం పెడితే సైనికుడు పోకూడదు. రామేశ్వరంలో వేటకు పోయే పడవవాడు పోకూడదు. అంత ఎందుకు, మనమే ఇక్కడ ఉండం. మన పెద్దలు విజయనగరం కాలంలోనూ, మదురై నాయకుల కాలంలోనూ తెలుగునేల వదిలి దక్షిణానికి వచ్చారు. విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చింది 1529 ప్రాంతంలో. ఆ వెనకా ముందూ ఎన్నో కుటుంబాలు వచ్చి ఈ నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డాయి. వాళ్ళు వచ్చేటప్పుడు వెనక ఉండిపోయిన తల్లులు ఏడవలేదా? ఆ ఏడుపు విని అందరూ ఆగిపోయి ఉంటే ఈ రోజు కోయంబత్తూరులో తెలుగు పత్రిక ఉండేది కాదు, అందులో నేను ఈ వ్యాసం రాసేదీ లేదు.

కాబట్టి నాకు తోచింది ఏమిటంటే, ఇంట్లోవాళ్ళ ఏడుపుకు విలువ ఉంది, కానీ అది తాళం కాకూడదు. అప్పు ఉన్నవాడు ఊరు దాటకూడదని ఎవరూ అనరు. చెప్పకుండా పారిపోకూడదు అంటారు, అంతే. ఎక్కడికి పోతున్నాం, ఏ దారిన పోతున్నాం, ఎప్పుడు తిరిగి వస్తాం, ఏమేమి సిద్ధం చేసుకున్నాం అన్నది నిజంగా, దాచకుండా చెప్పడం మన బాధ్యత. 2018లో పూణేకు చెందిన వేదాంగి కులకర్ణి పెర్త్ నుండే బయలుదేరి ఎక్కువ భాగం ఒక్కతే 29,000 కిలోమీటర్లు 159 రోజుల్లో తొక్కి ప్రపంచం చుట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. దారిలో స్పెయిన్‌లో దొంగలు కత్తి చూపించి దోచుకున్నారు. కెనడాలో ఎలుగుబంటి వెంటపడింది. అయినా ఆమె ఇంట్లో చెప్పకుండా పోయిన అమ్మాయి కాదు, ఇంటివాళ్ళ అండతో పోయిన అమ్మాయి. తోడు లేకుండా పోవడం వేరు, ఎవరికీ చెప్పకుండా పోవడం వేరు. ఈ రెంటినీ కలిపి తిట్టడం న్యాయం కాదు.

రెండో మాట, ఒంటరిగా పోయినవాడు చిక్కుకుంటే వెతకడానికి పదిమంది తమ ప్రాణాలను పణంగా పెట్టాలి కదా అని. ఇది కూడా నిజమే. ఒకరి సరదాకు ఇంకొకరు ఎందుకు చావాలి? అయితే గుంపుగా పోతే ఆపద రాదని అనుకుంటే పొరపాటు. 1860 ఆగస్టులో బర్క్ అనే అతని నాయకత్వంలో, విల్స్ అనే అతను కూడా ఉన్న ఒక పెద్ద దండు మెల్బోర్న్ నుండి ఆస్ట్రేలియాను దక్షిణం నుండి ఉత్తరానికి దాటడానికి బయలుదేరింది. ఇరవై మంది దాకా మనుషులు, ఇరవైకి పైగా ఒంటెలు. ఆ ఒంటెల్లో చాలా వాటిని ఇండియా నుండి కొని తీసుకుపోయారు. టన్నుల కొద్దీ సామాను. నలుగురు మాత్రం ముందుకు సాగి ఉత్తర తీరం దగ్గరిదాకా పోయారు. తిరుగు దారిలో ఒకడు చనిపోయాడు. మిగిలిన ముగ్గురు 1861 ఏప్రిల్‌లో కూపర్ క్రీక్ దగ్గరి మకాముకు చేరేసరికి, అక్కడ నెలల తరబడి కాచుకున్నవాళ్ళు అదే రోజు పొద్దున వెళ్ళిపోయారు. కొన్ని గంటల తేడా.

తరువాత జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. అక్కడ యాండ్రువాంధా అనే ఆదివాసులు వేల ఏళ్ళుగా బతుకుతున్నారు. ఏ గింజ తినొచ్చు, దాన్ని ఎలా వండాలి, ఎక్కడ నీళ్ళు ఉంటాయి అన్నీ వాళ్ళకు తెలుసు. వాళ్ళు చేపలు ఇచ్చారు, తిండి ఇచ్చారు. కానీ బర్క్ వాళ్ళను దూరం పెట్టాడు, బెదిరించడానికి తుపాకీ కూడా పేల్చాడు. బర్క్, విల్స్ ఇద్దరూ ఆకలితో చనిపోయారు. జాన్ కింగ్ అనే మూడోవాడు ఆ ఆదివాసుల దగ్గరికి పోయి వాళ్ళతోనే ఉండి బతికాడు. సెప్టెంబరులో వెతకడానికి వచ్చినవాళ్ళకు అతను ప్రాణాలతో దొరికాడు.

ఇరవై మందితో బయలుదేరిన దండు నాయకుడు చనిపోయాడు, ఒక్కడే సైకిలు తొక్కినవాడు బతికి ఇల్లు చేరాడు. కాబట్టి ఆపద తలకాయల లెక్కను బట్టి రాదు. నాకు ఎవరూ అక్కర్లేదు, ఎవరి దగ్గరా నేర్చుకోను అనే గర్వాన్ని బట్టి వస్తుంది. ఆ గర్వం గుంపులో ఉన్నవాడికీ ఉండొచ్చు. ఒంటరిగా పోయేవాడికి లేకపోవచ్చు కూడా.

మూడో మాట, దీనివల్ల ఎవరికి ఏం ఉపయోగం అని. మా తరగతిలో ఎక్కువమంది చప్పట్లు కొట్టింది ఈ మాటకే. ఎడారి దాటితే ఎవరి కడుపు నిండింది? సరే. మన కోయంబత్తూరులో జి.డి. నాయుడుగారి పేరు తెలియనివాళ్ళు లేరు. కలంగల్ ఊళ్ళో 1893లో పుట్టారు. చిన్నతనంలో ఒక ఆంగ్లేయుడి మోటారు సైకిలు చూసి, దాన్ని కొనాలని కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టారు. చివరికి కొన్నారు. కొని ఏం చేశారు? విప్పి ముక్కలు ముక్కలు చేసి, మళ్ళీ బిగించారు. ఆ రోజు ఎవరైనా చూసి ఉంటే "కష్టపడి సంపాదించింది ఇలా పాడుచేస్తాడా" అనే ఉంటారు. 1920లో ఆయన పొళ్ళాచ్చి నుండి పళనికి ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. తరువాతి కథ అందరికీ తెలిసిందే. ఆ రోజు విప్పిన మోటారు సైకిలుకు ఉపయోగం ఉందని ఆ రోజే ఎవరు చెప్పగలరు? కాబట్టి ఉపయోగం అనే తక్కెడతో ప్రయాణాన్ని ముందే తూచలేం.

కానీ ప్రయాణం చేసినవాడు తరువాత వచ్చేవాళ్ళకు ఏం మిగిల్చాడు అని మాత్రం అడగవచ్చు. చెన్నపట్నంలో ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన ఒంటరిగా పోలేదు, వంద మంది దాకా పరివారంతో పోయారు. అయితే ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి చోటు ఉంది అన్నీ రాసి పెట్టారు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర చదివితే వెనక వచ్చేవాడి చెయ్యి పట్టుకొని నడిపించినట్టు ఉంటుంది. పదిమందితో పోయినా, ఒక్కడే పోయినా, దారిని వెనక వచ్చేవాళ్ళకు సులభం చేసినవాడు స్వార్థపరుడు కాడు.

ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. అసలు ఆ రిచర్డ్‌సన్ ఒంటరివాడేనా? అతను ఎడారిలో దారి తప్పకుండా పోయింది టెలిగ్రాఫు తీగ పక్కనే. ఆ స్తంభాలు పాతినవాళ్ళు ఎవరో కూలీలు. అదే కాలంలో బంగారు గనుల ప్రాంతంలో సైకిళ్ళకు అనువైన బాటలు ఏవంటే, ఒంటెలు నడిచి నడిచి చదును చేసిన సన్నని దారులు. ఆ ఒంటెలను తోలినవాళ్ళు అఫ్గానిస్తాన్ నుండి, అప్పటి మన ఇండియా వాయవ్య ప్రాంతాల నుండి పోయినవాళ్ళు. ఎడారిలో నీటి గుంటలు ఎక్కడ ఉన్నాయో మొదట తెలుసుకున్నది ఆదివాసులు. సైకిలు మీద కనిపించేది ఒక్క మనిషే గానీ, ఆ చక్రాల కింద ఎంతోమంది పని ఉంది. వార్తాపత్రికలో మాత్రం ఒక్క పేరే పడింది.

మదురైకి పోయేవాళ్ళు రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న మంగమ్మ సత్రాన్ని చూసే ఉంటారు. 1689 నుండి మనవడి తరఫున మదురైని పాలించిన రాణి మంగమ్మ తన కాలంలో బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది, చెట్లు నాటించింది. దక్షిణానికి పోయే ఒక పాత బాటను జనం ఇంకా మంగమ్మ సాలై అనే అంటారు. ఆ చెట్టు నీడన ఎవరు కూర్చుంటారో ఆమెకు తెలియదు. యాత్రికుడో, వ్యాపారో, ఇల్లు వదిలి వచ్చిన ఒంటరివాడో. ఎవరో తెలియకుండానే చెట్టు నాటింది. ఒంటరిగా పోయే ధైర్యం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. ఒంటరిగా పోయేవాళ్ళు క్షేమంగా చేరేలా ఊరు ఉండాలన్న ధర్మం గురించి తక్కువ మాట్లాడుకుంటాం.

ఇంతవరకూ రాసినవాళ్ళలో ఒంటరిగా పోయింది ఎవరు, ఆగిపోయింది ఎవరు అని చూస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. మదురైకి దూరం కాని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పించారు. కూలి పనివాళ్ళు, క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ పనివాళ్ళు, వేలమంది నేర్చుకున్నారు. మొదట్లో దారిలో ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. ఆడవాళ్ళు మానలేదు. బస్సు కోసం, ఇంట్లో మగవాళ్ళ కోసం కాచుకొని కూర్చోకుండా నీళ్ళు తెచ్చుకోవడానికి, సరుకు అమ్ముకోవడానికి తామే పోయారు. వాళ్ళు పోయింది ఐదు, పది కిలోమీటర్లే. కానీ ముందు ఎప్పుడూ ఒక్కతే ఊరి పొలిమేర దాటని మనిషికి ఆ ఐదు కిలోమీటర్లు నలర్‌బోర్ మైదానం కన్నా తక్కువా? నాకు అలా అనిపించదు. దూరం కిలోమీటర్లలోనే కొలిస్తే సరిపోదు.

ఇది నా సొంత విషయం కూడా. మా అవ్వ ఊరు ఉడుమలపేట పక్కన. మా ఇంటి నుండి డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మా అన్న ప్లస్ వన్‌లో ఉన్నప్పుడు ఒక సెలవు రోజు తెల్లవారుజామున సైకిలు ఎక్కి ఒక్కడే అవ్వ ఊరికి పోయాడు. మధ్యాహ్నానికి చేరి ఫోను చేశాడు. నాయన నవ్వి "గట్టివాడు" అన్నాడు. అవ్వ మజ్జిగ ఇచ్చి ఊరంతా చెప్పుకుంది. వచ్చే ఏడాది నేను ప్లస్ వన్‌కు పోతాను. మన రాష్ట్రంలో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ వన్ పిల్లలకు ప్రభుత్వం సైకిలు ఇస్తుంది కదా. ఆ పథకం మొదట ఆడపిల్లలకే మొదలై తరువాత మగపిల్లలకూ వచ్చింది. ఆ సైకిలు మీద నేనూ అవ్వ ఊరికి పోతాను అంటే నాయన "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో "చూద్దాం" అంటే వద్దు అని అర్థం.

నాయనకు ప్రేమ లేక కాదు, ఉండబట్టే భయం. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. అయితే భయానికి ఒక పేరు పెట్టాలని మాత్రం అడుగుతాను. భయం లారీలను చూసి అయితే, లారీకి అన్న, చెల్లెలు అని తేడా తెలియదు. భయం ఎండను చూసి, పంక్చరును చూసి అయితే, నేను నీళ్ళు తీసుకుపోతాను, పంక్చరు వేయడం నేర్చుకుంటాను. ఆ పని అన్నకు కూడా రాదు. భయం మనుషులను చూసి అయితే, అది వేరే సంగతి. నలర్‌బోర్‌లో ఒంటరిగా పోయేవాడికి ఆపద మనుషులు లేకపోవడం వల్ల. మన రోడ్డు మీద ఒంటరిగా పోయే ఆడపిల్లకు ఆపద మనుషులు ఉండడం వల్ల. మనుషులు లేని ఎడారిని మనం మార్చలేం. మనుషులు ఉన్న రోడ్డును మార్చడం మన చేతిలో పనే కదా? అది చేయకుండా ఆడపిల్లను ఇంట్లో ఉంచడం, దొంగలు ఉన్నారని ఇంటివాణ్ణి జైల్లో పెట్టినట్టు ఉంటుంది.

నేను ఆలోచించి తేల్చుకున్నది ఇది. ఒంటరి ప్రయాణం దానంతట అది ధైర్యమూ కాదు, స్వార్థమూ కాదు. పోయేవాళ్ళు ఆపదను తెలుసుకొని, సిద్ధపడి, ఇంట్లో నిజం చెప్పి, దారిలో కనబడిన మనిషిని చిన్నచూపు చూడకుండా, తరువాతివాళ్ళకు ఏదో ఒకటి నేర్పగలిగితే అది ధైర్యం. ఇవేవీ లేకుండా పేరు కోసం పోతే అది స్వార్థం. అలాగే ఉండేవాళ్ళకూ ఒక బాధ్యత ఉంది. పోయేవాళ్ళను ఆపే ముందు, మన ఊరి మీదుగా పోయే ఒంటరి మనిషికి మన ఊరు చెట్టు నీడలా ఉందా, లేక భయంలా ఉందా అని పెద్దలు ఒకసారి చూసుకోవాలి.

ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది. నాయన చదువుతాడు. నా దారి ముందే చెప్పేస్తున్నాను: పొళ్ళాచ్చి మీదుగా, తెల్లవారి ఐదున్నరకు, ఒక ఆదివారం. ప్రతి ఊరు దాటగానే ఫోను చేస్తాను. ఇంకా ఏమేమి సిద్ధం చేసుకోవాలో నాయనే చెప్పాలి.